గుడి, చెరువు, టెంకాయ చిప్ప
(వావిలికొలను సుబ్బారావు గారి స్మృతిలో చేసిన ఉపన్యాసానికి అచ్చుపాఠం)



వాల్మీకి రామాయణాన్ని తెనిగించిన వావిలికొలను సుబ్బారావు గారి పేరు మీద ఉపన్యాసం అనగానే మీలో చాలామంది రామాయణం వినడానికి వచ్చి ఉంటారు. నాకు ఆ అర్హత లేదు. చెరువు కట్టల మీద తిరిగి జీతం తీసుకున్నవాణ్ణి. తూములు, మరవలు, ఆయకట్టు లెక్కలు తెలుసు గానీ ఛందస్సు ఎరగను. పైగా సుబ్బారావు గారు గ్రాంథికవాది, ‘ఆధునిక వచన రచనా విమర్శనం’ రాసిన మనిషి. ఇప్పుడు నేను మాట్లాడే తెలుగు ఆయన చెవిన పడితే వేదిక దిగిపొమ్మని ఉండేవారు. అయినా మీరు పిలిచారు, నేను వచ్చాను. ఆయన ప్రాణం పెట్టుకున్న ఒంటిమిట్ట గుడి గురించి నాకు తెలిసిన వైపు నుంచి, అంటే నీళ్ల వైపు నుంచి, నాలుగు మాటలు చెబుతాను.

కడప నుంచి రాజంపేట దారిలో పాతిక కిలోమీటర్లు పోతే ఒంటిమిట్ట. కోదండరాముడి గుడి మీ అందరికీ తెలిసిందే. మూడు గాలిగోపురాలు, ఎత్తైన ప్రాకారం, లోపల 32 స్తంభాల మండపం. స్తంభాల మీద ఎగిరి దూకే యాళులున్నాయి, కాళీయుడి పడగల మీద చిందేసే కృష్ణుడున్నాడు, గోవర్ధనం ఎత్తినవాడూ ఉన్నాడు. రాముడి గుడిలో కృష్ణుడికి ఇంత చోటేమిటని అడిగినవాళ్లను చూశాను. విజయనగర శిల్పికి ఆ పట్టింపు లేదు. గర్భగుడిలో రాముడు, సీతమ్మ, లక్ష్మణుడు ముగ్గురూ ఒకే రాతిలో నిలబడి ఉంటారు. అందుకే ఏకశిలానగరం అన్న పేరు. పక్కన ఆంజనేయుడు లేడు. రాముడికి హనుమంతుడు ఇంకా పరిచయం కాకముందు వెలసిన మూర్తులివి అని మనవాళ్ల సమాధానం. హనుమంతుడికి ఎదురుగా వేరే గుడి కట్టి, సంజీవరాయుడని కొలుస్తున్నారు.

ఈ గుడి ఎప్పటిది అని ఎవరైనా అడిగితే మనం వెంటనే త్రేతాయుగానికి వెళ్లిపోతాం, జాంబవంతుడి ప్రతిష్ఠ అంటాం. శాసనాలు చదివేవాళ్లు పదహారో శతాబ్దం దగ్గర ఆగుతారు. ఈ రెంటికీ నడుమ చాలా ఖాళీ ఉంది. ఆ ఖాళీని మనవాళ్లు కథలతో పూడ్చారు. ఆ కథలు ఒక్కొక్కటీ విప్పి చూస్తే నాకు ఒకటి కనబడింది. ఏ కథ పట్టుకున్నా లోపల నీళ్లున్నాయి.

మొదటి కథ. వనవాసంలో సీతమ్మకు దాహం వేసింది. చుట్టూ ఎక్కడా చుక్క లేదు. రాముడు బాణం వేసి భూమిలోంచి నీరు తెప్పించాడు. అది రామతీర్థం. పక్కనే లక్ష్మణతీర్థం. దేవుడు ఈ నేల మీద చేసిన మొదటి పని నీళ్లు పడేయడమే అన్నమాట. కోనసీమలో ఇలాంటి కథ పుట్టదు, అక్కడ దాని అవసరం లేదు. ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మనది. అదీ పడ్డ సంవత్సరం.

రెండో కథ ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు బోయలది. దారి కాచి దోచుకునే వృత్తి వదిలి రాముడి కొలువులో పడ్డారట. కంపరాయలు ఈ దారిన పోతూ దప్పికతో అలమటిస్తుంటే వాళ్లు రామతీర్థం చూపించారట. ఏం కావాలో కోరుకోమంటే, మాకేమీ వద్దు, రాముడికి గుడి, ఊరికి చెరువు కట్టించమన్నారట. ఆ రెండు పనులూ రాజు వాళ్లకే అప్పగించాడు.

ఈ కథను నేను తేలిగ్గా తీసిపారేయలేను. కారణం చెబుతాను. కంపరాయలు కట్టుకథలో మనిషి కాదు. విజయనగరం స్థాపించిన హరిహరుడికి, బుక్కరాయలకు తోడబుట్టినవాడు. పధ్నాలుగో శతాబ్దం నడిమికాలంలో ఉదయగిరి రాజ్యం ఏలాడు. ఒంటిమిట్ట ఉన్న సిద్ధవటం సీమ ఆ ఉదయగిరి రాజ్యంలోనిదే. ఊరి జనం నోట ఇన్ని వందల ఏళ్లు నలిగిన పేరు, ఏలిన రాజు, ఏలిన సీమ ఒకదానికొకటి సరిపోయాయి. బోయల పేర్లు ఊరి పేరులోంచి పుట్టించినవే కావచ్చు. రాజు పేరు మాత్రం పుట్టించింది కాదనే నా నమ్మకం.

మరి ఆ కాలంలో ఉదయగిరి ఏలినవాళ్లు నిజంగా చెరువులు కట్టించారా? మన జిల్లాలోనే సాక్ష్యం ఉంది. పోరుమామిళ్ల చెరువు చూశారా? కట్ట దగ్గర భైరవుడి గుడి ముందర రెండు రాతి పలకలున్నాయి. శక సంవత్సరం 1291, అంటే 1369. వేయించినవాడు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు, ఉదయగిరి నుంచే ఏలినవాడు. నా ఉద్యోగ జీవితంలో ఎన్నో ఇంజనీరింగ్ మాన్యువళ్లు తిరగేశాను, ఆ శాసనమంత ముచ్చటైన మాన్యువల్ ఇంకొకటి కనబడలేదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలంటుంది. ధర్మం తెలిసిన ధనవంతుడైన రాజు కావాలి. నీటిశాస్త్రం చదివిన బ్రాహ్మణుడు కావాలి. గట్టి బంకనేల కావాలి. మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తీపినీటి ఏరు కావాలి. రెండు కొండల నడుమ మరీ పొడుగు లేని, గట్టి రాతి కట్ట కావాలి. దగ్గరలో నిడుపాటి రాళ్లు దొరికే గని కావాలి. పని తెలిసిన కూలిజనం కావాలి. ఇలా సాగుతుంది. తర్వాత ఆరు దోషాలు చెబుతుంది. కట్ట కారడం ఒకటి, చవిటి నేల ఒకటి, చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట ఉండటం ఒకటి, నీళ్లు కొంచెం పొలం ఎక్కువ, పొలం కొంచెం నీళ్లు ఎక్కువ, ఇవి రెండు. మిగిలిన ఒక్కటీ వినండి: రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. 1369లో రాసిన మాట అది. కృష్ణా జలాల మీద ట్రిబ్యునళ్ల ముందు కూర్చున్న మన లాయర్లకు ఎవరైనా చదివి వినిపించాలి.

ఆ చెరువు పని రెండేళ్లు నడిచిందని, రోజూ వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు తిరిగాయని ఆ రాయే లెక్క చెబుతోంది. కట్టించిన రాజు పేరు ఉంది, కొలతలున్నాయి, దోషాలున్నాయి. అన్నీ ఉన్న ఆ శాసనం నిలబడింది గుడి ముందర. మన సీమలో గుడి, చెరువు జంటగా పుడతాయి. చెరువు లెక్క గుడి రాతి మీద ఉంటుంది, గుడి నైవేద్యం చెరువు కింద పండుతుంది. ఒకటి ఎండితే రెండోదీ ఎండుతుంది. ఒంటిమిట్టలో అంత పెద్ద చెరువు శాసనం లేదు గానీ, ఇదే కుదురు.

ఇక గుడిలోని శాసనాలు. 1555 నాటిది ఒకటి, 1558 నాటిది ఒకటి. రెండూ సదాశివరాయల కాలానివి. తళ్లికోట యుద్ధానికి ఇంకా పదేళ్లలోపు గడువుంది, రాజ్యం కూలబోతోందని ఎవరికీ తెలియదు. మొదటి శాసనంలో ఒంటిమిట్ట రఘునాయకుడికి పులపత్తూరు గ్రామం దానమిచ్చారు. రెండోదానిలో ఒంటిమిట్టనే, దాని పల్లెలతో సహా రాసిచ్చారు. ఊరు దానమివ్వడమంటే ఊరి ఇళ్లు ఇవ్వడం అని పొరబడేరు. ఆ ఊరి పంటలో రాజుకు రావలసిన భాగం దేవుడికి పోతుంది. మరి పంట పండాలంటే? చెయ్యేరు పారాలి.

పులపత్తూరు పేరు ఈ మధ్య మీరు విన్నారు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడ్డప్పుడు, పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు కొట్టుకుపోయినంత పని అయింది. రాముడి ధూపదీపాలకు పంట పంపిన ఏరే అది. మా శాఖలో పనిచేసినవాడికి ఆ ఉదయం గురించి మాట్లాడటం సులువు కాదు. కట్ట కారడం మొదటి దోషమని 1369 రాయి చెప్పిన మాట దగ్గర ఆపేస్తాను.

1652లో ఒక ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఈ దారిన వెళ్లాడు. టావెర్నియే అతని పేరు. మచిలీపట్నం నుంచి మద్రాసు మీదుగా గండికోటలో ఉన్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి పోతున్నాడు. దారిలో ఒంటిమిట్టలో ఆగి, దేశంలోని గొప్ప గుళ్లలో ఇదొకటని రాసుకున్నాడు. ఈ ముక్క మన కరపత్రాల్లో, బోర్డుల మీద బాగానే వాడుకుంటున్నాం. అతను రాసిన తక్కిన సంగతులు ఎవరూ ఎత్తరు. గుడికి కొంత దూరంలో పెద్ద చెరువుందని, గట్టు వెంట చిన్నచిన్న గుళ్లున్నాయని, పరాయివాణ్ణి ఆ నీళ్లలో దిగనివ్వరని, తామే ముంచి పోస్తారని, పరాయివాడి పాత్ర తమ కుండకు తగిలితే ఆ కుండ పగలగొడతారని రాశాడు. మెచ్చుకోలు తీసుకుని ఇది వదిలేయడం న్యాయం కాదు. అదీ మన ఊరి చరిత్రే. ఆ చెరువులో దిగరాని వాళ్లలో ఫ్రెంచివాడు ఒక్కడే లేడని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అదే మనిషి ఆ వెంటనే ఇంకోటి రాశాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు బాట మీదికి వచ్చి కూర్చుంటారట. పోయే బాటసారులకు చుట్ట ముట్టించుకోవడానికి నిప్పు ఇస్తారు. ఉడికించిన గుగ్గిళ్లు పెడతారు. గంజినీళ్లు పోస్తారు, పిడికెడు అన్నం పెడతారు. కొందరు ఏడెనిమిదేళ్ల పాటు ఈ పని చేస్తామని మొక్కుకున్నవాళ్లట. మొక్కు అంటే తలనీలాలు, ముడుపులు అనుకుంటాం. ఎండలో, దారి పక్కన, ఎవడో ముక్కూ ముఖం తెలియని వాడికి గంజి పోయడం ఏడేళ్ల మొక్కు! రాజుల పేర్లు రాతి మీద ఉన్నాయి. ఈ ఆడవాళ్లలో ఒక్కరి పేరూ లేదు. వాళ్లున్నారని చెప్పడానికి వజ్రాలు కొనడానికి వచ్చినవాడి పుస్తకం తప్ప మనకు ఇంకో కాగితం లేదు. ఈ గుడి గురించి నాకు దొరికిన సంగతులన్నిటిలో నేను ముందు పెట్టేది ఇదే.

తర్వాత ఇమాంబేగ్ బావి. కడప నవాబు కింద అధికారి ఇమాంబేగ్ గుడికి వచ్చి, మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగాడట. నిండు మనసుతో పిలిస్తే పలుకుతాడన్నారు. మూడుసార్లు పిలిచాడు, మూడుసార్లూ ‘ఓ’ అని లోపలి నుంచి వినబడింది. ఆయన ఆశ్చర్యపోయి గుడి నీటి కోసం బావి తవ్వించాడు. ఆయన పేరుతోనే బావి నిలిచింది. ముస్లింలు ఇప్పటికీ ఈ గుడికి వస్తారు. కథకు తేదీ 1640 అని చెబుతుంటారు. అది కుదరదు. మీర్ జుమ్లా గండికోట పట్టింది 1650లో. కడప నవాబులు, అంటే మయానా పఠాన్లు, ఇక్కడ స్థిరపడ్డది పద్దెనిమిదో శతాబ్దంలో. 1640లో ఇక్కడ కడప నవాబు లేడు, అతని అధికారీ లేడు. తేదీ తప్పు. బావి మాత్రం అబద్ధం కాదు, అది మన కళ్లెదుటే ఉంది. ఇది కూడా గమనించండి. ఆయన మొక్కు చెల్లించింది కిరీటంతో కాదు, హారంతో కాదు, నీళ్లతో. ఈ ఊళ్లో దేవుడికి ఏం కావాలో ఆయనకు తెలిసింది.

పోతన ఒంటిమిట్టవాడా, బమ్మెరవాడా అన్న తగవు నేను ముట్టుకోను. సుబ్బారావు గారు ఒంటిమిట్టవాడే అని గట్టిగా నిలబడ్డారు. ఓరుగల్లువాళ్లు ఒప్పుకోరు. వాళ్లదీ ఏకశిలానగరమే. అయ్యలరాజు తిప్పయ ఇక్కడి రఘువీరుడి మీద శతకం చెప్పాడు, ఆ వంశంలోనివాడే రామాభ్యుదయం రాసిన రామభద్రుడు. ఆ సంగతి ఎవరూ కాదనరు, అది చాలు మనకు. సిద్ధవటం మట్లి రాజులు గోపురాలకు, ప్రాకారానికి చేసిన సేవ సంగతీ మీరు వినే ఉంటారు. అందులో మట్లి అనంతరాజు స్వయంగా కవి, కాకుత్స్థవిజయం రాశాడు.

ఇంతవరకు వచ్చినవి ఇచ్చినవాళ్ల కథలు. ఇవ్వడం ఎలా ఆగిపోయిందో కూడా చెప్పాలి. మట్లివారి ప్రాభవం పోయింది. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంఫిణీకి ఇచ్చేశాడు, దత్తమండలాలమయ్యాం. ఊరికొక లెక్క, మాన్యానికొక విచారణ మొదలైంది. మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి కరణాల చేత కైఫీయతులు రాయించింది ఆ కాలంలోనే. కడప సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాటిని సంపుటాలుగా అచ్చు వేసింది. మీ ఊరి కైఫీయతు అందులో ఉందేమో వెదకండి. చరిత్రతో పాటు ఏ చెరువు ఎవరు తవ్వించారో, దాని కింద ఎంత మాన్యం ఉందో కనబడుతుంది.

ఆ మాన్యాల్లో దశబంధం ఈనాం అని ఒకటుండేది. చెరువు కట్టినవాడికో, బాగుచేసేవాడికో, దాని కింద కొంత భూమి ఇచ్చేవాళ్లు. చెరువు చూసుకున్నంతకాలం తినాలి. నీరుగట్టికి వేరే మాన్యం, పూజారికి వేరే మాన్యం, మేళగాళ్లకు వేరే మాన్యం. ఎవరి పనికి వాళ్ల కయ్య ఉండేది. ఈనాములు శిస్తు కిందికి వచ్చాయి, కొన్ని పేరు మారాయి, కొన్ని చేతులు మారాయి. పని పోయింది, భూమి మిగిలింది. 1863లో చట్టం చేసి, గుళ్ల నిర్వాహకం మాకొద్దని సర్కారు చేతులు దులుపుకుంది. సుబ్బారావు గారు జమ్మలమడుగులో పుట్టింది ఆ ఏడే. కాకతాళీయమే లెండి.

ఆయన రెవెన్యూ ఉద్యోగం కొంతకాలం చేసి వదిలేశారు. 1904లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులయ్యారు. అంతకు ముందు కందుకూరి వీరేశలింగం గారు చేసిన కొలువు అది. వాల్మీకి రామాయణాన్ని తెనిగించి ఒంటిమిట్ట కోదండరాముడికి అంకితమిచ్చారు, ఆంధ్రవాల్మీకి అనిపించుకున్నారు. పిమ్మట ‘మందరం’ పేరుతో రామాయణానికి వ్యాఖ్యానం రాశారు. 1920 దాకా కాలేజీలో చేసి, ఆపైన వాసుదాసస్వామి అయ్యారు. తెనాలి దగ్గర అంగలకుదురులో ఆశ్రమం పెట్టుకున్నారు. ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది.

నా మనసు ఆగేది టెంకాయ చిప్ప దగ్గర. అంకితం పుచ్చుకున్న రాముడి గుడి పాడుపడి ఉంది. మాన్యం లేదు, నైవేద్యానికి గతి లేదు. రాజులు లేరు, సర్కారు తన పని కాదంది. ప్రెసిడెన్సీ కాలేజీలో దొర ప్రొఫెసర్ల పక్కన కూర్చున్న పండితుడు ఒక టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా బిచ్చమెత్తారు. కొబ్బరి తీసేసుకున్నాక మనం చెత్తలో పారేసే చిప్ప అది. గుళ్లో రాముడి ముందు కొట్టిన టెంకాయలో దేవుడికీ పనికిరాక, మనిషికీ పనికిరాక మిగిలిన ముక్క. ఆయన దాన్నే హుండీ చేసుకున్నారు. ఒకరు అణా వేసుంటారు, ఒకరు రూపాయి వేసుంటారు, కొందరు మొగం తిప్పుకుని ఉంటారు. ఆ డబ్బుతో గుడి బాగుచేయించారు, స్వామికి నగలు చేయించారు. పని అయ్యాక ఆ చిప్పను మరిచిపోలేదు. దాన్ని సంబోధిస్తూ ‘టెంకాయచిప్ప శతకం’ రాశారు. రాజుల మీద, దేవుళ్ల మీద శతకాలున్న భాషలో ఒక చిప్ప మీద శతకం! గ్రాంథికం అంటే ప్రాణమిచ్చే పండితుడు ఆ పని చేశారంటే, నాకు ఆయన మీద ఉన్న చిన్న అలక కూడా పోయింది.

1936లో ఆయన పోయారు. గుడి పురావస్తు శాఖ రక్షణలోకి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణలో ఉండిపోయాక, మన ప్రభుత్వం రామనవమి ఉత్సవాలకు ఒంటిమిట్టను ఎంచుకుంది. 2015లో తిరుమల తిరుపతి దేవస్థానం గుడిని తన అధీనంలోకి తీసుకుంది. ఊరూరా పట్టపగలు జరిగే సీతారామ కల్యాణం ఇక్కడ రాత్రిపూట, వెన్నెల్లో జరుగుతుంది. చంద్రుడు చూడాలని కోరుకున్నాడట. ముఖ్యమంత్రులు పట్టువస్త్రాలు తెస్తున్నారు, టీవీలవాళ్లు వస్తున్నారు, ఇప్పుడు నైవేద్యానికి కొదవ లేదు. ఇది చూస్తే సుబ్బారావు గారు సంతోషించేవారు. నాకూ సంతోషమే.

కానీ ఒక లెక్క తేలలేదు. రాయి పురావస్తు శాఖది, పూజ దేవస్థానానిది. మరి చెరువు ఎవరిది? అది ఇంకో శాఖ ఫైల్లో ఉంటుంది, ఆ ఫైల్లో గుడి పేరు ఉండదు. గుడి ఫైల్లో చెరువు పేరు ఉండదు. ఏడు వందల ఏళ్లుగా ఒక్క కథలో ఉన్నవాటిని మనం విడదీశాం. సభ ముగిసేలోపు నిర్వాహకులకు నేను పెట్టుకునే విన్నపం మూడు పనుల మీద. ఒకటి, 1555, 1558 శాసనాల పాఠం, వాటి తేట తెలుగు, గుడి ఆవరణలో భక్తుడు నిలబడి చదువుకునేలా ఒక పలక మీద పెట్టించాలి. పులపత్తూరు పేరు అందులో కొట్టొచ్చినట్టు కనబడాలి. రెండు, ఇమాంబేగ్ బావి కథలో 1640 తీసేసి, బావి పూడిక తీయించాలి. మూడోది కష్టం. చెరువులోకి నీరు తెచ్చే వంకలు ఎన్ని, ఎక్కడ పూడాయి, ఎక్కడ ఇళ్లు లేచాయి, తూము పనిచేస్తోందా, మరవ ఎత్తు ఎంత, ఇవన్నీ ఒక వేసవిలో కొలిపించాలి. సర్వేకు కుర్రాళ్లను ఇస్తే, గొలుసు పట్టుకుని వెంట తిరగడానికి నేను వస్తాను. మోకాళ్లు బాగాలేవు, అయినా కట్ట ఎక్కగలను.